తోటి విశ్వాసి మీద దావా వేయొచ్చా? ఓర్పుకు మూడేళ్ల గడువేనా?

పల్నాటి విశ్వాసి (ప్రశ్న)

అందరికీ వందనాలు. ఊరు, పేర్లు రాయను, అర్థం చేసుకోండి.

2022 నవంబరులో మా సంఘంలోనే ఒక సహోదరుడికి మూడు లక్షలు అప్పిచ్చాను. ఆయన కౌలు రైతు. అంతకుముందు సీజన్లో నల్ల తామర పురుగు మిర్చి పూతంతా నాకేసింది, పెట్టుబడి కూడా చేతికి రాలేదు. దానికి తోడు కూతురి నర్సింగ్ ఫీజు. మా ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గడప దగ్గరే నిలబడి అడిగాడు. ప్రామిసరీ నోటు రాసుకున్నాం. ఆ నోటు నా బైబిల్లోనే, కీర్తనల మధ్యలో మడిచి పెట్టుకున్నా.

ఇప్పటికి ఒక్క రూపాయి చెల్లు పడలేదు. 2023లో మిర్చి క్వింటా ఇరవై వేలు దాటినప్పుడూ ఇవ్వలేదు. ఈ ఏడాది ధర పడిపోయింది, ఇక అడగడానికి నాకే నోరు రావడం లేదు. ఆదివారం ఆరాధనలో ఆయన ముందు కూర్చుని డోలక్ వాయిస్తాడు. నా వైపు చూడడు. ఆశీర్వాద ప్రార్థన అయ్యాక నేను చెప్పులు వెతుక్కునేలోపు ఆయన బండి మలుపు తిరిగి పోతుంది.

వచ్చే నెలకు నోటుకి మూడేళ్లు నిండుతాయి. ఈలోపు దావా వేయకపోతే కాలదోషం పడుతుందని ప్లీడరు అంటున్నాడు. మా సంఘం పాస్టరు అయ్యగారేమో, “మొదటి కొరింథీ ఆరో అధ్యాయం చదువు. ‘అన్యాయము సహించుట మేలు కాదా’ అని పౌలు అడుగుతుంటే కోర్టు మెట్లు ఎలా ఎక్కుతావు? ఓర్చుకో” అంటున్నారు. దీర్ఘశాంతం ఆత్మఫలమని నేనూ నమ్ముతాను. మూడేళ్లుగా చేస్తున్నదీ అదే. పెద్దలు, తెలిసినవాళ్లు చెప్పండి, ఏం చెయ్యను?

ఒంగోలు పెద్దాయన

బ్రదర్, మీ అయ్యగారు చెప్పింది నిజం. వాక్యంలో డొంకతిరుగుడు లేదు. కొరింథులో న్యాయపీఠం అంటే ఏమిటో పౌలుకి అనుభవమే. గల్లియోను అధిపతిగా ఉన్నప్పుడు తననే అక్కడికి ఈడ్చుకుపోయారు, అపొస్తలుల కార్యములు 18లో ఉంది. అలాంటి చోటికి విశ్వాసులే ఒకరినొకరు లాక్కుని పోతుంటే ఆయన కడుపు మండి రాసిన మాట అది. మన గుట్టు అన్యుల ముందు పరుచుకోవడం ఏమిటని.

నేను ఒకప్పుడు ఎనభై వేలు ఇలాగే వదిలేశాను. ఆ మనిషి ఇవ్వలేదు. ఇవ్వకుండానే చనిపోయాడు. సమాధి దగ్గర మట్టి వేస్తుంటే నా మనసులో అప్పు సంగతి లేదు, అంతే నేను చెప్పగలిగింది. అందరికీ ఇది చేతనవుతుందని అనను.

గుమాస్తా గారు

ముప్పై ఏళ్లు ప్లీడరు గుమస్తాగా పనిచేశాను. వాక్యం జోలికి రాను, నోటు సంగతి చెబుతా.

నోటు తేదీ నుంచి మూడేళ్లు, నిజమే. కానీ దావా ఒక్కటే దారి కాదు. గడువు లోపల ఆయన ఎంతో కొంత కట్టి, నోటు వెనక ఆ చెల్లు తన చేత్తో రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. వెయ్యి రూపాయలైనా చాలు. డబ్బే లేదంటే, అప్పు ఉన్న మాట నిజమని రాసిచ్చి సంతకం పెట్టినా చాలు. నోటీసు పంపితే గడువు పెరుగుతుందనుకుంటారు చాలామంది, పెరగదు. ఫోన్‌లో డబ్బు వేయించుకుంటే సరిపోదా అని కుర్రాళ్లు అడుగుతారు. పోట్లాట లేని దారి మాత్రం నోటు వెనక సంతకమే.

ఇంకో మాట. దావా వేశారు, డబ్బు కట్టమని కోర్టు డిక్రీ వచ్చింది అనుకుందాం. కౌలు రైతుకి జప్తు చేయడానికి పొలం ఎక్కడిది? డిక్రీ అమలుకి మాత్రం 12 ఏళ్ల గడువుంటుంది. అంటే కోర్టుకెళ్లినవాడికే ఓర్చుకోవడానికి ఎక్కువ టైం దొరుకుతుంది! నవ్వులాటకి అన్నాను గానీ అది నిజం.

సుధ, డాలస్

నేను బైబిల్ కాలేజీలో రెండేళ్లు చదివి మానేసినదాన్ని, పండితురాలిని కాను. అయినా ఒక విషయం చెప్పాలి.

‘అన్యాయము సహించుట’ అని మన తెలుగు బైబిల్లో ఉన్నచోట గ్రీకులో ఓర్పు అనే మాటే లేదు. ‘అన్యాయానికి గురి కండి, పోనివ్వండి’ అనే అర్థం వచ్చే క్రియ ఒకటే ఉంది. దీర్ఘశాంతానికి గ్రీకు మాట మక్రోథుమియా. కోపం రావడానికి చాలా సేపు పట్టడం అని దాని భావం. ‘ప్రేమ దీర్ఘకాలము సహించును’ అన్నచోట ఉన్నది దీని క్రియారూపమే. ఇక శ్రమ ఓర్పును కలుగజేస్తుందని రోమా 5లో చదువుతామే, ఆ ఓర్పు వేరే మాట, హుపొమొనె. బరువు కింద కదలకుండా నిలబడడం.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మక్రోథుమియా క్రియ అప్పు గురించిన ఉపమానంలోనే వస్తుంది, మత్తయి 18లో. పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడు రాజు కాళ్ల మీద పడి ‘నాయెడల ఓర్చుకొనుము, అంతా చెల్లిస్తాను’ అంటాడు. తర్వాత వాడికి నూరు దేనారాలు బాకీ ఉన్నవాడూ అదే మాట అంటాడు. గమనించండి, రెండుసార్లూ ఓర్పు అడిగింది బాకీపడ్డవాడు. ఎదురుగా నిలబడి, ఇస్తానని చెప్పి మరీ అడిగాడు. మీ సహోదరుడు మిమ్మల్ని ఓర్పు అడిగాడా అన్నా? బండెక్కి వెళ్లిపోతున్నాడు కదా. అడగనివాడికి మీరేం ఇస్తున్నారు మరి?

ఆ నూరు దేనారాలు చిల్లర అని ప్రసంగాల్లో తేల్చేస్తారు. దేనారం ఒక రోజు కూలి. ఇప్పటి కూలి రోజుకి 500 అనుకున్నా 50 వేలు. మామూలు మనిషికి అది చిన్న అప్పేం కాదు. వదులుకోవడం నొప్పిగానే ఉంటుందని యేసుకి తెలిసే చెప్పాడనిపిస్తుంది నాకు.

ఒంగోలు పెద్దాయన

సుధమ్మా, గ్రీకు మంచిదే గానీ ఆ ఉపమానంలో గొంతు పట్టుకున్నది ఎవరో కూడా చెప్పమ్మా. అప్పిచ్చినవాడే కదా. చెరసాలలో వేయించిందీ వాడే. చివరికి శిక్ష పడిందీ వాడికే.

సుధ, డాలస్

ఒప్పుకుంటా బాబాయ్. గొంతు పట్టుకోమని నేను అనలేదు. అదే అధ్యాయం 15వ వచనం చూడండి. ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని ఉంది. అన్నగారు ఒక్కసారైనా ఒంటరిగా వెళ్లారా?

హేతువాది, ఖమ్మం

మీ చర్చలో వేలు పెడుతున్నందుకు క్షమించండి, నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఒకే ప్రశ్న. వడ్డీ ఎంత?

పల్నాటి విశ్వాసి

రూపాయిన్నర. మా వైపు రెండు రూపాయల కంటే తక్కువకి ఎవరూ ఇవ్వరు.

హేతువాది, ఖమ్మం

అంటే నెలకి 4,500. మూడేళ్లకి వడ్డీయే 1,62,000. మీ ద్వితీయోపదేశకాండం 23లో సహోదరుడికి వడ్డీకి ఇవ్వకూడదని ఉంది కదండీ. నోటు రాసేటప్పుడు ఆయన సహోదరుడు కాదు, దావా వేసేటప్పుడు మాత్రం సహోదరుడయ్యాడు. మీ అయ్యగారికి కొరింథీ పత్రిక గుర్తొచ్చింది గానీ ఇది గుర్తు రాలేదు.

పల్నాటి విశ్వాసి

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులుగా ఆలోచిస్తున్నా.

గుణదల మరియ

మేము కతోలికులం. మా బైబిల్లో సీరా గ్రంథం ఉంటుంది, మీ వాళ్ల బైబిల్లో ఉండదు. అందులో 29వ అధ్యాయం చదివితే మన వీధిలోవాడు ఎవడో రాసినట్టుంటుంది. అప్పు చేతికి వచ్చేదాకా చెయ్యి ముద్దుపెట్టుకుంటాడట, తీర్చే రోజు వచ్చాక కాలం బాగాలేదని గొణుగుతాడట. ఇన్ని చెప్పి కూడా, డబ్బుని రాతి కింద తుప్పు పట్టించడం కంటే సహోదరుడి కోసం పోగొట్టుకోవడం మంచిదంటాడు ఆయన. మోసం తెలియక చెప్పిన మాట కాదు అది, తెలిసి చెప్పింది. అందుకే నాకు నచ్చుతుంది.

అన్నట్టు, ఓర్పు మీద పుస్తకమే రాసిన తొలినాటి క్రైస్తవ రచయిత, కార్తేజి తెర్తుల్లియను, అసలు నాకే ఓర్పు లేదు, జబ్బుపడ్డవాడు ఆరోగ్యం గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నా అని మొదట్లోనే ఒప్పుకున్నాడు. 1800 ఏళ్ల కిందటి మాట. కాబట్టి మనం సిగ్గుపడక్కర్లేదు.

పాస్టరమ్మ

నేను ఒక చిన్న సంఘంలో పాస్టరు గారి భార్యని. అందుకే పేరు పెట్టడం లేదు.

‘ఓర్చుకో’ అనే మాట మా ఇంట్లోంచి చాలాసార్లు బయటికి వెళ్లింది. ఎవరికి చెబుతామో తెలుసా? చెబితే వినేవాళ్లకి. డోలక్ వాయించే సహోదరుడిని గట్టిగా అడిగితే ఆదివారం రాడు, వాళ్ల అన్నదమ్ముల కుటుంబాలు మూడూ రావు. మీరు మంచివారు కాబట్టి మిమ్మల్ని ఓర్చుకోమంటే సంఘం కదలకుండా ఉంటుంది. చెప్పేవాళ్లకి అది తేలిక. అదే సంఘం స్థలం దగ్గర గొడవ వస్తే కొరింథీ ఆరో అధ్యాయం ఎవరూ తీయరు. ప్లీడరు ఫీజుకి ప్రత్యేక కానుక పట్టిన ఆదివారం కూడా చూశాను నేను.

పౌలు ఆ ఏడో వచనం దగ్గర ఆగలేదు. ఎనిమిదిలో, మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ సహోదరులకే చేస్తున్నారు అని బాకీ ఎగ్గొట్టేవాళ్ల వైపు తిరిగాడు. ఆ వచనం ఎవరికైనా చదివి వినిపించారా మీ సంఘంలో? ఐదో వచనంలో, అన్నదమ్ముల తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని అడిగాడు. అది మీకు వేసిన ప్రశ్న కాదు బ్రదర్, మాకు వేసిన ప్రశ్న.

ఆ అన్నయ్య సంగతి కూడా ఒక్కమాట. తప్పించుకు తిరిగేవాళ్లందరూ మోసగాళ్లు కారు. మూడు లక్షలు ఒకేసారి తెస్తేనే మీ మొహం చూడాలని అనుకుంటున్నాడేమో. వెయ్యి తీసుకొచ్చి ఇవ్వొచ్చని ఆయనకి ఎవరైనా చెప్పారా?

గుమాస్తా గారు

పాస్టరమ్మ గారు బుద్ధిమంతుడి మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. లోక్ అదాలత్‌కి దావా వేయకముందే వెళ్లొచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ, ఒప్పుకున్నాక ఆ అవార్డుకి సివిల్ కోర్టు డిక్రీ అంత విలువ, దాని మీద అప్పీలు లేదు. కూర్చుని మాట్లాడుకోవడమే కదా, దాన్ని వ్యాజ్యం అంటారో లేదో మీరే తేల్చుకోండి. తేల్చుకునేలోపు తేదీ దాటనివ్వకండి.

ఒంగోలు పెద్దాయన

రాజీ అయితే నాకూ అభ్యంతరం లేదు. కానీ నోటు చేతిలో పట్టుకుని వెళ్లి సంతకం పెట్టమంటే అది ప్రేమ ఎలా అవుతుంది? గడువు పెంచుకోవడం అంటే దావా హక్కుని దాచుకోవడమే. కొరడా వెనక పెట్టుకుని నవ్వినట్టు ఉంటుంది.

గుణదల మరియ

పెద్దాయనా, గడువు దాటిపోయాక ‘వదిలేశాను’ అంటే అది మాత్రం ఏం గొప్ప? అప్పటికి చట్టం ఎలాగూ ఇప్పించదు. వదిలేయాలనుకుంటే నోటు బతికుండగానే చింపి ఆయన చేతిలో పెట్టాలి. లేదా బతికించుకోవాలి. కాలదోషం పట్టేదాకా కూర్చుని దానికి ఓర్పు అని పేరు పెట్టడం నాకు మింగుడు పడదు.

పల్నాటి విశ్వాసి

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం వెళ్లాను.

ఒంటరిగా వెళ్లారా అని సుధ సిస్టర్ అడిగినప్పుడు గుండెలో గుచ్చుకుంది. మూడేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఏమనుకుంటాడో, ఇంట్లో ఆడవాళ్ల ముందు పరువు పోతుందేమో, సంఘంలో డబ్బు మనిషి అంటారేమో అని. నేను ఓర్పు అనుకున్నది మొహమాటం.

కళ్లంలో ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, బండి వైపు చూశాడు. వడ్డీ వద్దు, అసలు ఇవ్వు చాలు, ఎంత కాలమైనా సరే, నోటు మాత్రం చావనివ్వకు అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, వడ్డీ ఇంత పెరిగాక వెయ్యి, రెండు వేలు ఎలా తెచ్చివ్వను అన్నా, అందుకే రాలేదు అన్నాడు. పాస్టరమ్మ గారు చూసినట్టే రాశారు. రెండు వేలు లోపలి నుంచి తెచ్చిచ్చాడు. నోటు బైబిల్లోంచి తీసి ఇస్తే వెనక తనే చెల్లు రాశాడు. మావయ్యా, అసలు మూడు లక్షలే కదా అని వాళ్ల అమ్మాయి వచ్చి మళ్లీ అడిగింది. మూడు లక్షలే అన్నాను. వడ్డీ పోయిందని మా ఆవిడ నాతో నిన్నటి నుంచి మాట్లాడటం లేదు.

ఒంగోలు పెద్దాయన

వెళ్లి మాట్లాడారు, సంతోషం బ్రదర్. సంతకం తీసుకున్న విషయంలో మాత్రం నా మాట నాదే.

గుమాస్తా గారు

అది సరేనండీ, చెల్లు కింద సంతకం ఉందా? తేదీ వేశాడా?

పల్నాటి విశ్వాసి

సంతకం ఉంది. తేదీ... ఆగండి, చూసి చెబుతా.