సమస్య: ధ్రువుఁడు తలయూచె గంగిరెద్దువలె నౌర

నిర్వాహకుడు (కాజీపేట): పొద్దుగాల గోడమీద మగతొండ మెడ ఎర్రగ చేసుకొని తలకాయ ఊపుతనే ఉన్నది. దాన్ని చూస్తుండంగ ఈ పాదం పడ్డది. దీన్ని ఆఖరి పాదం చేసి పద్యం కట్టుండ్రి. ఆకాశంల చుక్కయి కదలనోణ్ని కదిలించుండ్రి.

హనుమకొండ సారు:
భూమి బొంగరమట్టులఁ బొరలి తిరుగ
నినుఁడు సోముఁడు లాగంగ నిరుసు వంగి
యేండ్లు పదునెన్మిదింటికి నిట్టు లూఁగ
ధ్రువుఁడు తలయూచె గంగిరెద్దువలె నౌర

జనగామ పంతులు: ఇరుసు వంగుడు బాగున్నది సారూ. కాని "పొరలి" ఏంది? బొంగరం పొరలిందంటే ఆట ఒడిసినట్టే. తూలే బొంగరం ఇంక నిలబడే ఉంటది. "బొరలి తిరుగ" తీసి "బొంకమెడల" అనుండ్రి, పొంకం తప్పంగ అని. యతి చెడదు.

పరకాల తమ్ముడు: భూమి ఇరుసు 26,000 ఏండ్లకు తిరిగే పెద్దచుట్టుకు సూర్యుడు, చంద్రుడు ఇద్దరూ లాగుతరు, నిజమే. 18.6 ఏండ్ల ఈ చిన్న ఊపు మటుకు చంద్రునిదే. ఆయన నడిచే దారి వంపు అన్నేండ్లకు ఒకసారి చుట్టు తిరిగొస్తది. ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు బ్రాడ్లీ 1748ల చెప్పిన సంగతి ఇది. ఇనుణ్ని ముందుపెట్టుడు న్యాయం కాదు.

హనుమకొండ సారు: "ఇరుసు"కు యతి ఇనుడే తమ్మీ, ఆయన్ను తీస్తే పాదం కూలుతది. "బొంకమెడల" తీసుకుంటున్న, మంచి మాట. కాని పంతులుగారూ, మేడారం సమస్యల మీ బెల్లం పద్యం మూడో పాదాన లఘువు జారిందని నేను చెప్పి ఎన్నాళ్లాయె? ఇంక అట్లనే ఉన్నది.

జనగామ పంతులు: అది జారలే. టైపుల దీర్ఘం పోయింది, అప్పుడే చెప్పిన. ఇగో, ఇది తూచుండ్రి:
అవ్వ కథఁ జెప్పు చుండఁగా నాలకించి
నిదుర కన్నుల నిండఁగా నెమ్మదిగను
మనుమఁ డూకొట్టి యూకొట్టి మంచమందె
ధ్రువుఁడు తలయూచె గంగిరెద్దువలె నౌర

కరీంనగర్ అక్క: ఆకాశంల ఉన్నోణ్ని నులకమంచం మీదికి దించినవ్ అన్నా! "ఊకొట్టి యూకొట్టి" కాడ గంగిరెద్దు నిజంగనే కనవడ్డది. ఒక్కటే కొరత, ఏం కథనో చెప్పలే. "అవ్వ ధ్రువుకథఁ జెప్పంగ" అంటే?

పరకాల తమ్ముడు: "ధ్రు" ముందట "వ్వ" గురువు కాదా అక్కా?

కరీంనగర్ అక్క: కాదు తమ్మీ. సమాసం లేదు, అవ్వ వేరే మాట, లఘువే.

హనుమకొండ సారు: ధ్రువుని కథకు ధ్రువుడే ఊకొట్టుడు! ఈసారి పద్యం జనగామదే. సగం అక్కది.