కీమో పడినాక తలనీలాలు ఇచ్చేదానికి కొండకు పోవచ్చా?

చంద్రగిరి కోడలు:
రొమ్ము క్యాన్సరుకి పోయిన వారం తిరుపతిలో మొదటి కీమో ఎక్కించినారు. ఎర్ర మందు. రెండు మూడు వారాల్లో జుట్టు రాలిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మా అత్త, "రాలేలోపల స్వామికి ఇచ్చేద్దాం, ముత్తైదువ ఇంట్లో గుండు కొట్టించుకోకూడదు" అంటా ఉంది. మా ఆయన శనివారానికి జీపు కూడా మాట్లాడినాడు. మా యమ్మ వద్దంటుంది. నాకు ఏం తిన్నా వాంతికొస్తా ఉండాది. మీరేమంటారు?

పాకాల వెంకటేశు:
పొండి అక్కా, ఆలోచించొద్దు. మా వదిన జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. పొద్దున్నే దిండు దులిపేటప్పుడు ఆమె ఏడ్చే ఏడుపు నేను చూసినాను. కల్యాణకట్టలో రూపాయి ఇచ్చే పని లేదు, మనిషికో కొత్త బ్లేడు, ఆడోళ్లకు ఆడోళ్లే గుండు చేస్తారు. ఇంకో మాట. మన తిరుపతిలో గుండుతో రోడ్డు మీద పోతే "ఏమైంది" అని అడిగేవాళ్లు ఉండరు. గోవిందా అని పక్కకు జరుగుతారు. జబ్బు సంగతి ఊరంతా చెప్పుకునే బాధ తప్పుతుంది.

వార్డు నర్సు:
వెంకటేశన్నా, మీరు చెప్పింది నిజమే, కానీ ఈ శనివారం మాత్రం వద్దు. మందు పడినాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు చిన్న బ్లేడు గాటు చాలు, ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటుంది. శనివారం కంపార్ట్‌మెంట్లో ఎంత మంది దగ్గుతుంటారో మీకు తెలియంది కాదు. పైగా వాంతులతో ఉండే మనిషిని ఘాట్ రోడ్డు మలుపుల్లో తిప్పుతారా? అమ్మా, జ్వరం 100.4 తాకితే మాత్ర వేసుకొని పడుకోవద్దు. అర్ధరాత్రైనా ఆసుపత్రికి రావాల్సిందే. కొండకు పోవాలనుంటే రెండో డోసుకు ముందు రక్తపరీక్ష చేస్తారు కదా, కణాలు కోలుకున్నాయని డాక్టరు అంటే అప్పుడు అడిగి పొండి. అంతవరకు కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోండి. గుండే కావాలంటే ట్రిమ్మరు వాడండి, కత్తి వద్దు.

పాకాల వెంకటేశు:
రెండో డోసు దాకా ఆగితే జుట్టు మిగలదు కదమ్మా. ఇంక స్వామికి ఇచ్చేదేముంది?

మదనపల్లె రాజేశ్వరి:
నాకు అర్థం కానిది అదే. ఎట్లాగూ రాలిపోయే జుట్టే కదా, దాన్ని ఇస్తే మొక్కు ఎట్లవుతుంది? నేనూ ఈ మందు ఎక్కించుకున్నదాన్నే. రాలనిచ్చినా, గుడ్డ కట్టుకున్నా, పనికి పోయినా. అసలు ఆమె తల గురించి ఆమెను ఎవరైనా అడిగినారా? అత్త చెప్పింది, మొగుడు జీపు మాట్లాడినాడు.

కార్వేటినగరం జేజి:
అట్లనకు తల్లీ. స్వామి తల మీద గొల్లవాని దెబ్బకు జుట్టు పోయిన చోట నీలాదేవి తన కురులు తీసి పెట్టిందని మన పెద్దలు చెప్తారు. పోయిన జుట్టు బాధ ఆయనకు తెలీకుండా ఉంటుందా? అయితే ఆయన తొందరపెట్టడు. పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుని గూట్లో పెట్టండి. మందులన్నీ అయినాక జుట్టు మళ్లీ మొలుస్తుంది. అది ఇయ్యండి, నిండు మొక్కు. మా తమ్ముని కూతురు అట్లే ఇచ్చింది.

మదనపల్లె రాజేశ్వరి:
ఇది బాగుంది జేజీ. దీనికి నేను ఎదురు చెప్పను. ఆ పాప తనంతట తాను ఒప్పుకుంటేనే.

చంద్రగిరి కోడలు:
ఇదంతా మా అత్తకు చదివి వినిపించినా. శనివారం జీపు వద్దని చెప్పేసినాం. ముడుపు కట్టేదానికి ఆమె ఒప్పుకునింది గానీ, ఇంట్లో ట్రిమ్మరు మాట ఎత్తితే ఇంకా మొహం తిప్పుకుంటా ఉంది. రాజేశ్వరక్కా, నన్ను అడిగింది మీరొక్కరే, చెప్తా వినండి. నాకు గుండు భయం లేదు, తల నుంచి జుట్టు ఊడి చేతికొస్తే చూసే ధైర్యమే లేదు. రేపు మా చెల్లెల్ని పిలిపించి భుజాల దాకా కత్తిరించుకుంటా. నర్సమ్మా, వాంతి మాత్రలు వాంతి వచ్చినప్పుడే వేసుకోవాలా?

వార్డు నర్సు:
రాకముందే వేసుకోవాలమ్మా, చీటీలో రాసిన టైము ప్రకారం. మాత్రలు వేసుకున్నా తగ్గకపోతే, నీళ్లు కూడా నిలవకపోతే వార్డుకు ఫోన్ చెయ్యండి, మందు మారుస్తారు. ఒకేసారి కడుపు నిండా తినొద్దు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి. వేడి కూర వాసన పడకపోతే చల్లారినాక తినండి.