"కరెంటు పెట్టారు" అని కరపత్రంలో రాయొచ్చా?

రోగులకిచ్చే ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి రేడియేషన్, ఫోటోడైనమిక్ థెరపీ గురించి. మొదటిదానికి జనం నోట ఉన్న మాట "కరెంటు పెట్టడం". అదే రాసేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు.

కరెంటు అంటే తగలగానే పని అయిపోవాలి. రేడియేషన్ అలా కాదు. కిరణాలు కణంలోని డీఎన్‌ఏ పోగుల్ని తెంపుతాయి. కొన్నిటిని నేరుగా, ఎక్కువగా మాత్రం కణంలోని నీటి నుంచి పుట్టే ఫ్రీ రాడికల్స్ (దేనితోనైనా ఇట్టే చర్య జరిపే ముక్కలు) ద్వారా. రెండు పోగులూ ఒకేచోట తెగితే అతుకు సరిగ్గా పడదు. అయినా చాలా కణాలు అప్పటికప్పుడు చావవు, రెండుగా విడిపోబోయి, విడిపోలేక చస్తాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు సాధారణంగా నిదానంగా విభజన చెందుతాయి. అందుకే పీఎస్‌ఏ (ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్, రక్తపరీక్షలో చూస్తారు) నెలల తరబడి మెల్లగా దిగుతుంది, మధ్యలో కాస్త పెరిగి మళ్లీ తగ్గొచ్చు కూడా. "కరెంటు పెట్టారుగా, ఇంకా తగ్గలేదేం?" అనే టెన్షన్ ఈ మాటలోంచే పుడుతోందని నా అనుమానం.

మరి ఏం రాయమంటారు?

వ్యాఖ్య: మీ అనుమానం నిజమేనండీ. ఇంకో తమాషా ఉంది. పాత కోబాల్ట్ మెషీన్లలో కిరణాలు కోబాల్ట్-60 నుంచి వాటంతట అవే వచ్చేవి, కరెంటుతో పుట్టేవి కావు. ఇప్పటి లీనియర్ యాక్సిలరేటర్ మాత్రం కరెంటుతోనే ఎలక్ట్రాన్లను ఉరికించి ఎక్స్-కిరణాలు పుట్టిస్తుంది. అంటే మన మాటకి ఇప్పుడే కాస్త న్యాయం జరిగింది! రోగికి మాత్రం అప్పుడూ ఇప్పుడూ కరెంటు తగలదు.

వ్యాఖ్య: "రేడియోధార్మిక చికిత్స" అని మాత్రం రాయకండి, దండం పెడతాను. బయటి నుంచి కిరణాలు పెట్టించుకున్న మనిషి రేడియోధార్మికంగా మారడు. మనవణ్ణి ఎత్తుకోవచ్చా అని భయపడే తాతలున్నారు. ప్రొస్టేట్ లోపల రేడియోధార్మిక గింజలు అమర్చే పద్ధతి వేరు, దానికి కొన్నాళ్లు జాగ్రత్తలు చెబుతారు.

వ్యాఖ్య: "పౌరుష గ్రంథి" కూడా వద్దు. వైద్యం మొదలవకముందే పౌరుషం పోతుందని బెంగ. ప్రొస్టేట్ అనండి చాలు. (గ్రంథికి థ వత్తు, ధ కాదు. అలవాటు కొద్దీ చెప్పాను.)

వ్యాఖ్య: ఫోటోడైనమిక్‌ని "కాంతి చికిత్స" అన్నారో, కామెర్లొచ్చిన పసిబిడ్డని లైటు కింద పెట్టడమే గుర్తొస్తుంది. ఇక్కడ వెలుగు ఒక్కటే ఏమీ చేయదు. 2017లో యూరప్‌లో అనుమతి పొందిన పాడెలిపోర్ఫిన్‌నే చూడండి. బ్యాక్టీరియాల పత్రహరితం నుంచి తయారైన మందు. నరంలోకి ఎక్కించి, సన్నని ఫైబర్లతో ప్రొస్టేట్‌లోకి 753 నానోమీటర్ల లేజర్ పంపిస్తారు. మందు, వెలుగు, ఆక్సిజన్ మూడూ కలిసినచోట పుట్టే చురుకైన అణువులు కణితికి రక్తం అందించే నాళాలను మూసేస్తాయి. డీఎన్‌ఏ తెంపడం దీని ప్రధాన పని కాదు. కణితి ఎండిపోతుంది, అంతే. అదీ తక్కువ ప్రమాదమున్న, గ్రంథి దాటని క్యాన్సర్‌కే. "మందు-వెలుగు చికిత్స" అంటే ఎలా ఉంటుంది?

వ్యాఖ్య: మందు-వెలుగు! సాయంత్రం బార్ బోర్డులా ఉంది మాస్టారూ.

జవాబు: నవ్వొచ్చినా మాట బాగుంది, "వెలుగుమందు" అని తిప్పేస్తాను. రేడియేషన్‌ని రేడియేషన్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట "జనం కరెంటు పెట్టడం అనేది ఇదే" అని ఒక ముక్క కలుపుతాను. ఇంకొక్క చిక్కుంది. బ్రిటన్‌లో పెద్ద ట్రయల్ చేసి, 37 సిట్టింగ్‌లలో ఇచ్చే 74 గ్రేలకు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) బదులు 20 సిట్టింగ్‌లలో 60 గ్రేలు ఇచ్చినా ఫలితం తీసిపోలేదని 2016లో ప్రకటించారు. ఒక్కో విడతలో మోతాదు పెంచితే ఈ కణాలు ఎక్కువగా దెబ్బతింటాయి, అదే కిటుకు. ఇది చదివిన మా పెదనాన్న, "కరెంటు తగ్గించి సరిపెడుతున్నారా?" అనడిగారు. "కుదించిన కోర్సు" అని రాశాను. కుదించడంలోనూ కోత వినిపిస్తోందా మీకు?