పైజామా మనదే సరే, పడుకునే ముందు బట్టలు మార్చుకునే అలవాటు ఎవరిది?

లాంతరు:
మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా అల్లుడితో మొదలైన వాదన ఇంకా తెగలేదు. "రాత్రికి వేరే బట్టలు అన్నది మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పిన అలవాటే మామయ్యా" అన్నాడు. అల్లుడు కదా అని అక్కడ ఊరుకున్నాను, ఇక్కడ ఊరుకోను.

వాళ్లు రాత్రి తొడుక్కునే దాని పేరు ఎక్కడిది? పారసీకంలో 'పాయ్' అంటే కాలు, 'జామా' అంటే వస్త్రం. ఆ మాట హిందీ, ఉర్దూల మీదుగా ఇంగ్లీషులో చేరింది. 19వ శతాబ్దం చివరిదాకా ఇంగ్లండులో మగవాళ్లు కాళ్ల మీదికి వేలాడే పొడుగు చొక్కాతోనే పడుకునేవారు. ఇక్కడ ఉద్యోగాలు వెలగబెట్టి తిరిగి వెళ్లినవాళ్లు పైజామాలు వెంట తీసుకుపోయాకే అక్కడ అది పాకింది. మరి ఎవరు ఎవరికి నేర్పినట్టు? కాదనేవారు ఆధారం చూపి కాదనండి.

పాతసంచిక:
లాంతరు గారూ, మీరు చెప్పిన విషయాలకు వంక పెట్టను. మీరు తేల్చినదానితోనే పేచీ. పైజామా ఇక్కడ ఎవరు వేసుకునేవారు, ఏ వేళ వేసుకునేవారు? ముస్లిం స్త్రీపురుషులు, సిక్కులు, పట్టపగలు వేసుకునేవారు. అది పడుకునే బట్ట అని ఇక్కడ ఎవరూ అనుకోలేదు. 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన 'హాబ్సన్-జాబ్సన్' అనే ఆంగ్లో-ఇండియన్ పదాల నిఘంటువు కూడా ఇదే చెబుతుంది: యూరోపియన్లు దీన్ని ముస్లింల నుంచి తీసుకుని, ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడూ పడుకునేటప్పుడూ వాడుకున్నారని. గుడ్డ మనది. దానికి రాత్రి డ్యూటీ వేసింది వాళ్లు.

అదే నిఘంటువులో ఒక ముచ్చట ఉంది. లండన్‌లో అమ్మే పైజామాలకు కొన్నిసార్లు పాదాలు కూడా కలిపి కుట్టేవారట. ఎందుకలా అని ఒక దర్జీని అడిగితే, "చెదల కోసం అనుకుంటానండీ" అన్నాడట. మన చెదపురుగులు మంచమెక్కి కాళ్లు కొరుకుతాయని పాపం ఆయన భయం.

వంటింటికిటికీ:
మీ ఇద్దరికీ ఒక ప్రశ్న. మన ఇళ్లలో రాత్రికని బట్ట మార్చుకున్నది ఎవరు? మా అమ్మమ్మ పగలు కట్టిన చీరతోనే పడుకునేది, తెల్లవారి స్నానం చేశాక మార్చేది. ఆవిడ రోజులో బట్ట మార్చే వేళలు వేరు. మడికట్టుకోవడానికి ఒకటి, మడి విడిచాక ఒకటి. మడిచీర ఎవరికీ అందకుండా పైన దండెం మీద ఆరేది, కర్రతో తీసుకునేది. నిద్రకు ఇంత హంగామా ఎప్పుడూ లేదు. రాత్రి బట్ట అన్న మాటే ఆవిడ నోట వినలేదు. దీన్నిబట్టి మీ అల్లుడే గెలిచాడేమో లాంతరు గారూ.

లాంతరు:
అమ్మా, మీరూ ఆయన పక్షమేనా! మగవాళ్ల సంగతి చూడండి. బయటికి వెళ్లే పంచె, పైపంచె విప్పి దండేనికి వేసి, నలిగిన పాత పంచో లుంగీయో చుట్టుకుని మంచం వాల్చడం మా తాతల నుంచీ ఉన్నదే. మార్చుకోవడమంటే అదే కదా?

పాతసంచిక:
అది పగటి బట్ట నలగకుండా కాపాడుకోవడం. రాత్రి కోసమే కుట్టించుకోవడం వేరు. విప్పడం కూడా లెక్కలోకి వస్తుందంటే అందులో యూరపువాళ్ల ముందు మనం నిలవలేం. మధ్యయుగపు రాతప్రతుల్లో పడకగది బొమ్మలు చూడండి. తలకు గుడ్డ చుట్టుకుని ఉంటారు, దుప్పటి కింద ఒంటి మీద నూలుపోగు కనిపించదు. రాజైనా అంతే, పక్కన రాణి అయినా అంతే. ఇవన్నీ నిజజీవితాన్ని ఉన్నదున్నట్టు చూపించాయని నేను అనను. చిత్రకారుడికి తన పద్ధతులు తనకు ఉంటాయి. కానీ ఇన్ని బొమ్మల్లో అదే కనిపిస్తోందంటే ఆ కాలం వాళ్లకు అది వింత కాదన్నమాట.

ఇందుకు భిన్నంగా ఉన్నది క్రైస్తవ సన్యాసులు. 6వ శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ తన మఠాలకు పెట్టిన నియమావళిలో 22వ అధ్యాయం నిద్ర గురించే. బట్టలతోనే, నడుముకు పట్టీ కట్టుకునే పడుకోవాలి. కత్తి మాత్రం పక్కన ఉండకూడదు, నిద్రలో గాయమవుతుంది. పడకగదిలో తెల్లవార్లూ దీపం వెలుగుతూ ఉండాలి. ఎందుకంటే పిలుపు వినగానే లేచి ప్రార్థనకు పరుగెత్తాలి. బట్టలతో పడుకోండని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే మామూలు జనం ఎలా పడుకునేవారో మీరే ఊహించుకోండి.

ఆ తరువాతి శతాబ్దాల్లో కూడా చాలామందికి రాత్రి చొక్కా అని విడిగా లేదు. పైబట్టలు విప్పితే లోపల మిగిలే పొడుగు చొక్కాయే నిద్రకు కూడా. ఆడవాళ్లకు 'షిఫ్ట్' అనే లోపలి వదులు అంగీ. ఉన్నవాళ్లకే రాత్రికి ఇంకొకటి.

సగంనిద్ర:
మధ్యలో దూరుతున్నాను. నేను ఆసుపత్రిలో రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తాను కనుక నిద్ర సంగతి వస్తే ఊరుకోలేను. బట్టలు సరే, పాతకాలం యూరపులో జనం రాత్రి రెండు విడతలుగా పడుకునేవారని చదివాను. చీకటి పడ్డాక కొన్ని గంటలు తొలి నిద్ర, మధ్యలో ఒక గంటో అంతకన్నా ఎక్కువో మెలకువ, మళ్లీ తెల్లవారేదాకా రెండో నిద్ర. రోజర్ ఎకర్చ్ అనే అమెరికన్ చరిత్రకారుడు 2001లో దీని మీద పెద్ద వ్యాసం రాశారు. కోర్టు వాంగ్మూలాల్లో, డైరీల్లో, వైద్య గ్రంథాల్లో 'తొలి నిద్ర' అన్న మాట వెతికి వెతికి పట్టుకున్నారు. ఇటాలియన్‌లో 'ప్రిమో సోన్నో' ఉంది, ఫ్రెంచిలోనూ అలాంటి మాటే ఉంది. మనకూ తొలిజాము, రెండోజాము ఉన్నాయి కదా. మన పూర్వీకులు కూడా అలాగే పడుకునేవారని దీన్నిబట్టి అనుకోవచ్చా?

పాతసంచిక:
అనుకోకూడదు. జాము కాలాన్ని కొలిచే మాట, మూడు గంటలు. పగలు కూడా జాములే. 'జాము పొద్దెక్కింది' అంటాం, దాన్నిబట్టి పగలు ముక్కలుగా నిద్రపోయామని కాదుగా!

ఎకర్చ్ చూపిన ఆధారాలు గట్టివే, కానీ అవి మనుషులందరి సహజ నిద్ర గురించి కావు. 2015లో జెరోమ్ సీగెల్ అనే అమెరికన్ నిద్ర పరిశోధకుడి బృందం టాంజానియాలో హాడ్జా, నమీబియాలో సాన్, బొలీవియాలో చిమానే ప్రజల నిద్రను చేతికి కట్టే పరికరాలతో కొలిచింది. కరెంటు వెలుగు లేని జీవితాలు వాళ్లవి. అయినా రెండు విడతల నిద్ర కనిపించలేదు. రాత్రికి సగటున ఆరేడు గంటలు పడుకున్నారు, పొద్దు గుంకగానే కాదు, గుంకిన మూడు గంటల తరువాత.

సగంనిద్ర:
వాళ్లు భూమధ్యరేఖకు మరీ దూరంగా లేరు. ఉత్తర యూరపులో చలికాలం రాత్రి పద్నాలుగు, పదహారు గంటలు. అంతసేపు ఒక్క దెబ్బకు ఎవరు పడుకోగలరు? 1990ల మొదట్లో థామస్ వెర్ అనే అమెరికన్ వైద్యుడు కొందరిని నెల రోజులు, రోజుకు పద్నాలుగు గంటల చీకట్లో ఉంచితే నాలుగో వారానికి వాళ్ల నిద్ర రెండు ముక్కలైంది. మధ్యలో గంట నుంచి మూడు గంటల దాకా ప్రశాంతంగా మేలుకుని ఉన్నారు. అంటే ఇది చలిదేశపు పొడవైన రాత్రి చేసే పని. మన రాత్రి అంత పొడుగు కాదు కనుక జాముల సంగతిలో మీ మాట ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

పాతసంచిక:
ఇక్కడికి ఒకరి మాట ఒకరం సగం విన్నాం, చాలు. మళ్లీ బట్టల దగ్గరికి వెళదాం, లాంతరు గారు ఎదురుచూస్తున్నారు.

దారపుకండె:
నేను బందరు వైపు వాడిని, అద్దకం పని మధ్య పెరిగాను. ఇంతసేపూ పైజామా చుట్టూనే తిరుగుతున్నారు. దానికి రెండు వందల ఏళ్ల ముందే మన బట్ట వాళ్ల ఇళ్లలోకి వెళ్లిన సంగతి ఎవరూ ఎత్తరేం?

ఈస్టిండియా కంపెనీవాళ్లు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. డచ్చివాళ్లు అప్పటికే ఉన్నారు. ఈ తీరం నుంచి వెళ్లిన అద్దకపు నూలు బట్టల మీద ఎరుపు, చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసినది. బట్టను కరక్కాయ నీళ్లలో, పాలలో నానబెట్టి ఆరవేసి, కలంతో గీసి, ఉడకబెట్టి, ఏటి నీటిలో జాడించి తెచ్చిన రంగు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. యూరపులో అలాంటి గుడ్డ అప్పటికి లేదు. దానితో వాళ్లు ఇంట్లో వేసుకునే వదులైన పొడుగు అంగీలు కుట్టించుకున్నారు. దాన్ని 'బన్యన్' అన్నారు. గుజరాతీ వర్తకుల పేరు 'వాణియో' నుంచి వచ్చిన మాట అది. ఇప్పుడు మనం చొక్కా కింద వేసుకునే బనియను కూడా ఆ మాటే. దాని మోజు ఎంతదాకా పోయిందంటే, ఉన్ని, పట్టు నేసేవాళ్లు గోల చేస్తే ఫ్రాన్స్ 1686లో ఈ అద్దకపు బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టిది తెచ్చింది.

లండన్‌లో డైరీ రాసిన శామ్యూల్ పీప్స్ 1661 జులై 1న తన కోసం 34 షిల్లింగులు పెట్టి 'ఇండియన్ గౌను' కొన్నాడు. 1666లో బొమ్మ గీయించుకోవడానికి మళ్లీ ఒకటి అద్దెకు తెచ్చుకున్నాడు. ఇంట్లో ఒకటి ఉండగా అద్దె ఎందుకో మరి! ఆ బొమ్మ ఇప్పటికీ లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. లాంతరు గారూ, మీ అల్లుడికి ఈ బొమ్మ చూపించండి.

లాంతరు:
దారపుకండె గారూ, మీ చేతికి బంగారు కడియం తొడగాలి. ఇక ఏమంటారు పాతసంచిక గారూ?

పాతసంచిక:
కడియం తొడగండి, కానీ రెండు మాటలు వినండి. మొదటిది, ఆ రోజుల్లో లండన్‌లో తూర్పు నుంచి ఏది వచ్చినా 'ఇండియన్' అనేవారు. పీప్స్ బొమ్మలో కనిపించేది గోధుమరంగు పట్టు అంగీ, మన అద్దకం కాదు. ఆ అంగీల తీరులో జపాను పాలు కూడా ఉంది. డచ్చి కంపెనీ అధికారులకు అక్కడి సైనిక పాలకుడైన షోగన్ దర్బారు నుంచి లోపల మెత్తగా నింపి కుట్టిన కిమోనో అంగీలు కానుకగా అందేవి. డచ్చివాళ్లు ఆ అంగీని 'జపాను అంగీ' అనే పిలిచారు.

రెండోది అసలైనది. ఆ అంగీకి ఇంగ్లీషులో ఇంకో పేరు 'నైట్ గౌన్'. పేరు చూసి మోసపోవద్దు. దానితో పడుకునేవారు కాదు. చొక్కా మీద వేసుకుని, పొద్దున ఇంట్లో కాఫీ తాగుతూ వచ్చినవాళ్లతో మాట్లాడేవారు. బయటికి వెళ్లేటప్పుడు విగ్గు పెట్టుకోవాలి, అందుకని తల గొరిగించుకునేవారు. ఇంట్లో విగ్గు తీస్తే గుండుకు చలి, అందుకని కుచ్చు టోపీ. పగటి విశ్రాంతి బట్ట అది. రాత్రి అలవాటుకు ఆధారం కాదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే చలితో పాటు భయం కూడా. రాత్రి గాలి ఒంటికి పడదని వైద్యులే నమ్మేవారు. 1776 సెప్టెంబరులో అమెరికా నాయకులు జాన్ ఆడమ్స్, బెంజమిన్ ఫ్రాంక్లిన్ అక్కడి న్యూ బ్రన్స్‌విక్ ఊళ్లోని ఒక సత్రంలో చోటు లేక ఒకే మంచం మీద పడుకోవలసి వచ్చింది. ఆడమ్స్ కిటికీ మూశాడు. ఫ్రాంక్లిన్ తెరవమన్నాడు, మూసిన గదిలో గాలే చెడ్డదన్నాడు. జలుబు ఎలా వస్తుందో ఆయన ఉపన్యాసం చెబుతుండగానే ఆడమ్స్ నిద్రపోయాడు. ఆడమ్స్ తానే రాసుకున్నాడు ఈ సంగతి. ఇక మన ఊళ్లలో ఎండాకాలం నులకమంచం ఎత్తుకుని వాకిట్లోకి, మిద్దె మీదికి పోయేవాళ్లం. రాత్రి గాలి కోసమే! అలాంటి చోట రాత్రి బట్ట ఎందుకు పుడుతుంది?

వంటింటికిటికీ:
పాతసంచిక గారు చెప్పిన 'నైట్ గౌన్' చదివి నవ్వు ఆగలేదు. పేరు రాత్రిది, వాడకం పగటిది, దానితోనే వచ్చినవాళ్లతో మాటలు! మా వీధిలో పొద్దున కూరగాయల బండి దగ్గర నిలబడి చూడండి, నైటీ మీద తువ్వాలు కప్పుకుని అందరమూ అక్కడే ఉంటాం. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో పెద్దలు పగటిపూట నైటీ వేసుకుంటే 2,000 రూపాయల జరిమానా అన్నారు, గుర్తుందా? అప్పట్లో నాకు ఒళ్లు మండిపోయింది. లండన్‌లో మగవాళ్లు అదే పని చేస్తే గ్యాలరీలో బొమ్మ పెట్టారు.

లాంతరు గారూ, నా తీర్పు అడగలేదు కానీ చెబుతున్నాను. నైటీ మనకు అటు నుంచి వచ్చినదే, ఒప్పుకుందాం. పడుకునేటప్పుడు మాత్రమే వేసుకోవాలన్న నియమం మాత్రం మనం తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటాం, చీర కన్నా అందులో వంట సుఖం.

దారపుకండె:
పాతసంచిక గారూ, పీప్స్ అంగీ పట్టుదని ఒప్పుకుంటాను. మా బందరు అద్దకాన్ని మాత్రం మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నిషేధాలు మా అద్దకపు బట్టల మీద కూడా పెట్టారు కదా.

పాతసంచిక:
నిజమే. అద్దకం సంగతిలో మీదే పైచేయి.

లాంతరు:
ఇదంతా అల్లుడికి పంపాను. అరగంట తరువాత ఫోను చేశాడు. "మామయ్యా, అలవాటు వాళ్లదే అని ఆ పెద్దాయన అన్నారు కదా" అన్నాడు. "గుడ్డ మనదే అని కూడా అన్నారు కదా" అన్నాను. తరువాత ఇద్దరం క్రికెట్ గురించి మాట్లాడుకున్నాం. వచ్చే ఆదివారం మళ్లీ భోజనానికి వస్తున్నాడు. దారపుకండె గారూ, చిరివేరు అద్దకం అంగవస్త్రం ఒకటి బందరులో ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా? అల్లుడికి పెట్టాలి.