యువాన్‌లో చెల్లింపు: సరుకు కోడ్ వేయాలా, సేవల కోడ్ వేయాలా?

అందరికీ నమస్కారం. చైనాలోని ఒక సప్లయర్‌కి యువాన్‌లో డబ్బు పంపితే, పర్పస్ కోడ్ (డబ్బు దేనికోసం పంపుతున్నామో చెప్పే కోడ్) లేదని వెనక్కి వచ్చేసింది. అదీ చార్జీలు పోగా మిగిలింది. ఇన్‌వాయిస్ నంబరు రాస్తే సరిపోతుందనుకున్నాను, నా తెలివి అంతవరకే.

ఇప్పుడు చదివితే తెలిసింది: సరుకులకు సీజీఓడీడీఆర్, సేవలకు సీఎస్‌టీఆర్‌డీఆర్ అనే కోడ్‌లున్నాయట. నా ఇన్‌వాయిస్‌లో రెండూ ఉన్నాయి. అచ్చు (మౌల్డ్) తయారీకి, డిజైన్‌కి కలిపి ఒక మొత్తం, శాంపిల్ ముక్కలకు ఇంకో మొత్తం. డిజైన్ వాటానే ఎక్కువ. అలాంటప్పుడు ఏ కోడ్ వేయాలి? ఇన్‌వాయిస్‌ని రెండుగా విడగొట్టించి, రెండుసార్లు పంపడమే మేలా? అప్పుడు చార్జీలూ రెండుసార్లు పడతాయి కదా.

ఇంకో తికమక. మా బ్యాంకు ఫారంలోనూ ఒక పర్పస్ లిస్టు ఉంది. అది పంపేవాళ్ల దేశం లెక్కల కోసమట. మరి అవతలి దేశం కోడ్‌ని ఎక్కడ రాయాలి? లబ్ధిదారుకు సందేశం రాసే గడిలోనా, బ్యాంకుకు సూచనలు రాసే గడిలోనా? కౌంటర్‌లో అడిగితే "ఏదో ఒకటి రాయండి సార్" అన్నారు. ఏదో ఒకటి రాసే కదా ఇక్కడిదాకా వచ్చింది!

ఇలా పంపిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. సప్లయర్ రోజూ మెసేజ్ పెడుతున్నాడు, టెన్షన్‌గా ఉంది.