మక్కల రేక్ దారి మార్చారు, ఇప్పుడు మధ్యలో నిలబెట్టేశారు. ఎవరిని పట్టుకోవాలి?

మక్కల_లోడు:
పొద్దున్నుంచి ఫోన్లు చేసీ చేసీ విసుగొచ్చింది. మొక్కజొన్న బస్తాలు ఎక్కించిన మా రేక్, అంటే గూడ్స్ వ్యాగన్ల వరస, ఒక చిన్న స్టేషన్‌లో లూప్ లైన్లో (మెయిన్ లైన్ పక్కన బళ్లు ఆపే లైను) పడి ఉంది. ఇంజిన్ కూడా తీసుకెళ్లిపోయారట. లోడ్ చేసిన చోట అడిగితే మా జోన్ దాటిపోయింది అంటారు. అటువైపు అడిగితే ఆర్డర్ రాలేదు అంటారు. పైగా దారే మార్చేశారు. విజయవాడ, గూడూరు మీదుగా పోతుందనుకుంటే మహబూబ్‌నగర్, డోన్, గుత్తి, కడప మీదుగా తిప్పారు. ఈ చుట్టు తిప్పుడు వల్లే కదా లేటు? ఆ ఎక్కువ దూరానికి ఛార్జీ కూడా మా నెత్తినే వేస్తారా? బండి కదలాలంటే ఎవరిని పట్టుకోవాలి? కొంచెం తొందరగా చెప్పండి, అవతల పార్టీ ప్రాణం తీస్తున్నాడు.

లూప్_లైన్:
ఎక్కడి నుంచి ఎక్కడికి? ఏ వ్యాగన్లు? ఎఫ్ఓఐఎస్‌లో (గూడ్స్ బళ్లు ఎక్కడున్నాయో చూపే రైల్వే కంప్యూటర్ వ్యవస్థ) ఏం చూపిస్తోంది?

మక్కల_లోడు:
తెలంగాణ నుంచి తమిళనాడులో నామక్కల్ వైపు అండీ. మక్కలు ఇంకెక్కడికి పోతాయి, కోళ్ల దాణాకే కదా. బీసీఎన్‌హెచ్‌ఎల్ అనే మూత వ్యాగన్లు, మొత్తం 58. ఎఫ్ఓఐఎస్‌లో ‘స్టేబుల్డ్’ (పక్కన నిలిపి ఉంచారు) అని ఉంది, అంతే.

రిటైర్డ్_గార్డు:
బాబూ, ఇంజిన్ తీసేశారంటే దాన్ని అంత తేలిగ్గా తీసుకోకండి. రేక్‌ను స్టేబుల్ చేయడం అంటే స్కూటర్‌కి స్టాండ్ వేయడం కాదు. రెండు చివర్ల వ్యాగన్లకు హ్యాండ్ బ్రేకులు బిగించాలి, చక్రాల కింద వెడ్జ్‌లు పెట్టాలి, చైన్ వేసి తాళం వేయాలి. మళ్లీ కదలాలంటే ఇవన్నీ ఒక్కొక్కటిగా విప్పాలి. ఒక్క హ్యాండ్ బ్రేకు విప్పడం మరిచిపోయినా ఆ చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ పోతుంది, పట్టా తగిలే చోట అరిగి చదునవుతుంది. ఇంజిన్ తగిలించాక బ్రేకు గొట్టాల్లోకి గాలి ఎక్కించాలి. ఇంజిన్లో 5 కిలోల ప్రెషర్ చూపిస్తే సరిపోదు, చివర బ్రేక్‌వ్యాన్ గేజ్‌లో ముల్లు లేవాలి. 58 వ్యాగన్ల గొట్టాల్లో ఎక్కడ బుస్సుమన్నా బండి కదలదు. ఇక బీపీసీ, అంటే బ్రేకులు సరిగ్గా ఉన్నాయనే సర్టిఫికెట్ సంగతి. క్లోజ్ సర్క్యూట్ రేక్ (ఒకే డిపోలో చెకప్ అయ్యేది) అయితే 7,500 కిలోమీటర్లు లేదా 35 రోజులు, ఏది ముందైతే అంతవరకే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. మీ రేక్ బీపీసీ తేదీ ఎంత? ముందు అది కనుక్కోండి.

మక్కల_లోడు:
సార్, బీపీసీ నాకెవరు చూపిస్తారు? నేను మక్కలు అమ్ముకునేవాణ్ణి.

పట్టాల_పిచ్చి:
గార్డు గారూ, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అనాలి కదా 😀

రిటైర్డ్_గార్డు:
నేను రిటైరైంది గార్డుగానే. పెన్షన్ కాగితాల మీద కూడా అదే ఉంది.

పట్టాల_పిచ్చి:
అసలు సమస్య ఏంటంటే దక్షిణాదికి ప్రత్యేక గూడ్స్ లైను లేదు. తూర్పు కారిడార్ 1,337 కిలోమీటర్లు, పడమర కారిడార్ 1,506 కిలోమీటర్లు, రెండూ మనకి దూరమే. ఇక్కడ అదే పట్టాల మీద వందే భారత్, ఎక్స్‌ప్రెస్, ప్యాసింజర్, ఆ తర్వాత చివర్లో గూడ్స్. వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే గూడ్స్ లూప్‌లోకి వెళ్లాల్సిందే. మామూలు లూప్ పొడవు కూడా ఒక రేక్‌కి సరిపడా, 700 మీటర్లకు కాస్త అటూ ఇటూ. అందుకే రెండు రేకుల్ని కలిపి లాంగ్ హాల్ నడిపితే మధ్యలో పక్కకి పెట్టడానికి చోటుండదు, ఏకబిగిన దారి ఇవ్వాలి. 2022 ఆగస్టు 15న కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్‌కి ‘సూపర్ వాసుకి’ నడిపారు చూడండి, 295 వ్యాగన్లు, 6 ఇంజిన్లు, మూడున్నర కిలోమీటర్ల బండి! వీడియో చూసి తీరాలి.

లూప్_లైన్:
ఆయన అడిగింది అది కాదు.

గూడ్స్_షెడ్_గుమాస్తా:
ఛార్జీ సంగతి నేను చెప్తాను. బండి ఏ దారిన తిరిగిందని చూసి ఛార్జీ వేయరు. మామూలుగా అతి దగ్గర దారికి వేస్తారు. రద్దీ దారుల్లో ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి ఈ దారినే పంపాలి, ఈ దారికే ఛార్జీ కట్టించుకోవాలి అని రైల్వే బోర్డు రేషనలైజేషన్ ఆర్డర్ ఇస్తుంది. 1989 రైల్వే చట్టం సెక్షన్ 71 కింద ఇచ్చేది. మీ ఆర్‌ఆర్ (సరుకు ఎక్కించినప్పుడు ఇచ్చే రైల్వే రసీదు) మీద ‘వయా’ అని ఏ దారి రాసి ఉందో, ఎన్ని కిలోమీటర్లు వేశారో చూసుకోండి. కంట్రోల్ (బళ్లు నడిపించే ఆఫీసు) వాళ్లు తమ వీలు కోసం వేరే దారిన పంపితే అది వాళ్ల ఇష్టం, మీ జేబుకి సంబంధం లేదు. ఒకవేళ ఆర్‌ఆర్‌లోనే కడప దారి ఉంటే మాత్రం లోడింగ్ రోజే మీకు తెలిసి ఉండాల్సింది.
ఇంకో మాట. గూడూరు మీదుగా వచ్చినా, కడప మీదుగా వచ్చినా అటు బళ్లు రేణిగుంటలో కలిసేవే. లూప్‌లో కూర్చోబెట్టడానికీ దారి మార్చడానికీ ముడిపెట్టకండి.

మక్కల_లోడు:
ఆర్‌ఆర్ చూశాను. విజయవాడ మీదుగానే ఉంది. అంటే ఎక్కువ పడదు, హమ్మయ్య. కానీ ఆగినన్ని గంటలకి డెమరేజ్ (వ్యాగన్లు ఆపినందుకు ఛార్జీ) కట్టమంటారేమో? బస్తాలు వేడెక్కి బూజు పడితే ఎవరిది బాధ్యత?

కోర్టు_పక్షి:
అదే రైల్వే చట్టంలో సెక్షన్ 95 చదవండి. ఆలస్యం వల్ల సరుకు చెడితే బాధ్యత రైల్వేదే. కాకపోతే ఆలస్యం తమ చేతుల్లో లేని కారణం వల్లనో, తమ నిర్లక్ష్యం లేకుండానో జరిగిందని వాళ్లు రుజువు చేసుకుంటే తప్పించుకుంటారు. మీరు రైల్వేకి సరుకు అప్పగించిన రోజు నుంచి 6 నెలల్లోపు సెక్షన్ 106 నోటీసు ఇవ్వాలి. అది ఇవ్వకుండా క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి పోయి లాభం లేదు. ఈలోగా ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇక వార్ఫేజ్ అంటారా, దాన్ని తగ్గించమని అర్జీ పెట్టుకోవచ్చు.

గూడ్స్_షెడ్_గుమాస్తా:
ఆయన అడిగింది డెమరేజ్ గురించి, వార్ఫేజ్ కాదు సార్.

కోర్టు_పక్షి:
రెండూ ఆలస్యానికి కట్టేవే కదా.

గూడ్స్_షెడ్_గుమాస్తా:
కాదు. వ్యాగన్‌ని ఫ్రీ టైమ్ దాటి ఖాళీ చేయకుండా ఉంచితే డెమరేజ్. దించిన సరుకుని ఫ్రీ టైమ్ దాటి రైల్వే స్థలంలోనే ఉంచితే వార్ఫేజ్. మొదటిది వ్యాగన్‌కి, గంటకి ఇంత అని పడుతుంది. అసలు ఈయన రేక్ ఇంకా అన్‌లోడింగ్ లైన్ మీదికే రాలేదు. అక్కడ పెట్టాకే ఫ్రీ టైమ్ మొదలవుతుంది. ఇప్పుడు డెమరేజ్ మాటెక్కడిది?

కోర్టు_పక్షి:
సరే లెండి, క్లయింట్లు రెండూ ఒకే బిల్లు అనుకుంటారు.

మక్కల_లోడు:
మా ముందు రేక్‌కి కూడా అక్కడ డెమరేజ్ మొదలైందని పార్టీ గోల. సగం వ్యాగన్లే దిగాయి. వానకి హమాలీలు రాలేదు, లారీలు తిరగలేదు. అందుకే అడిగాను.

లూప్_లైన్:
ముందు రేకా?

మక్కల_లోడు:
అవునండీ, అదే పార్టీకి, అదే షెడ్‌కి. దీనికంటే ముందు లోడ్ చేసింది. అది వేరే ఆర్‌ఆర్ కదా.

లూప్_లైన్:
మీ జవాబు అదే.

గూడ్స్_షెడ్_గుమాస్తా:
ఇది మొదటి పోస్టులో రాయాల్సిన ముక్క అన్నా. షెడ్ లైన్ మీద ఒక రేక్ నిలబడి ఉండగా రెండోది వస్తే ఎక్కడ పెడతారు? ఆ స్టేషన్ లూప్‌లో పెడితే క్రాసింగులు ఆగిపోతాయి. అందుకని ఎక్కడ లూప్ ఖాళీగా ఉంటే అక్కడ ముందే ఆపేస్తారు. ఇంజిన్‌ని ఊరికే ఉంచరు, ఇంకో లోడ్‌కి తగిలించుకుపోతారు. లోకో పైలట్ కూడా మామూలుగా బండి కదిలిన దగ్గర్నుంచి 9 గంటలు దాటితే దిగాల్సినవాడే. మీ ముందు రేక్ ఖాళీ అయి రిలీజ్ అయ్యేవరకు ఎవరికి ఫోన్ చేసినా ‘ఆర్డర్ రాలేదు’ అనే అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు.
ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. కంట్రోల్‌కి ఫోన్లు మానేసి, దిగే చోట గూడ్స్ సూపర్‌వైజర్‌కి పార్టీ చేత గట్టిగా ఒక టైమ్ చెప్పించండి, ఫలానా గంటకి ఖాళీ చేస్తాం అని. ఆ మాట పైకి వెళ్తే ఇంజిన్, క్రూ ముందుగానే చూస్తారు. లేకపోతే ఖాళీ అయ్యాక ఇంజిన్ వెతుకులాట, అదొక పూట. హమాలీలు దొరకరు అనుకుంటే దగ్గర్లో ఇంకో షెడ్‌కి డైవర్షన్ అడగొచ్చు. దానికి ఛార్జీ ఉంటుంది, మీ పార్టీ లారీ ఖర్చుతో కలిపి లెక్క వేసుకోండి. ఇక మీదట ఒకే షెడ్‌కి వరసగా రెండు రేకులు ఎక్కించేముందు అవతల దిగే వేగం కనుక్కోండి.

రిటైర్డ్_గార్డు:
హ్యాండ్ బ్రేకులు విప్పారో లేదో మాత్రం కదిలేముందు చూడమనండి.

పట్టాల_పిచ్చి:
ఆ లూప్‌లో మీ రేక్ ఫొటో ఎవరైనా తీశారా అన్నా? ఇంజిన్ ఏది తగిలించారో, డబ్ల్యూఏజీ9 అయి ఉంటుంది.

మక్కల_లోడు:
పార్టీ రేపటికి ఇంకో హమాలీ ముఠాని పెడతానన్నాడు. చూద్దాం. థ్యాంక్స్ అందరికీ.

సిమెంట్_బస్తా:
ఇక్కడే అడుగుతున్నా, మాకు రేక్ ఇండెంట్ (రేక్ కావాలని అర్జీ) పెట్టి చాలా రోజులైంది, అలాట్‌మెంట్ రావట్లేదు. ఏం చేయాలి?

లూప్_లైన్:
కొత్త పోస్టు పెట్టండి. ఎక్కడి నుంచి ఎక్కడికో రాసి పెట్టండి.