కాంట్రాబాండ్‌కి "దొంగసరుకు" సరిపోతుందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. 18వ శతాబ్దపు కరీబియన్ దీవుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను, ముసాయిదా ఇక్కడే పెట్టాను. కాంట్రాబాండ్ (ప్రభుత్వం వద్దన్నా సాగే వ్యాపారం, ఆ సరుకు) అన్న మాట పేజీకి నాలుగుసార్లు వస్తోంది. దొంగసరుకు అని రాసుకుంటూ పోయాను గానీ చదువుకుంటే ఎక్కడో తేడా కొడుతోంది. ఇంకేదైనా మాట ఉందా?

జవాబు: తేడా కొట్టక ఏం చేస్తుందండీ! దొంగసరుకు అంటే మనకి ఎవరి దగ్గరో కొట్టేసిన సరుకు. అక్కడ డబ్బు పెట్టే కొన్నారు, కాకపోతే కొనకూడని వాళ్ల దగ్గర కొన్నారు. తన వలసలు పరాయి ఓడలతో బేరమే పెట్టుకోకూడదని స్పెయిన్ ఆంక్ష, దాని సొంత ఓడలేమో ఎప్పుడో గానీ రావు, వచ్చినా ధరలు మండిపోయేవి, దాంతో జమైకా నుంచి ఇంగ్లీషువాళ్లు, కురాసావ్ నుంచి డచ్చివాళ్లు గుడ్డలూ అవీ తెచ్చి వెండి నాణేలకీ కోకో గింజలకీ అమ్ముకుపోయేవారు.

ఆ మాట పుట్టుక చూడండి. ఇటాలియన్, స్పానిష్ భాషల్లో బాందో అంటే ప్రభుత్వం వేయించే చాటింపు, మన దండోరా లాంటిది. దానికి ఎదురు వెళ్లేది కొంత్రబాందో. మనకి "చాటు" అంటే నలుగురికీ వెల్లడి చేయడం, చెట్టుచాటు అన్నప్పుడు అవే రెండక్షరాలకి మరుగు అని అర్థం. చాటి వద్దన్న పనిని చాటుగా చేయడం! అందుకే ఆ వ్యాపారాన్ని చాటుబేరం అనీ, సరుకుని చాటుసరుకు అనీ అంటే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. నిఘంటువులో దొరక్కపోయినా చదివేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: చాటుబేరం భలే ఉందండీ. మరి సుంకం ఎగ్గొట్టడానికీ ఇదే వాడొచ్చా? అమెరికా వలసల కోసం బ్రిటన్ చేసిన 1733 నాటి మొలాసిస్ (చెరకు మడ్డి) చట్టం దగ్గర ఆగిపోయాను.

జవాబు: అక్కడ వద్దండీ. ఫ్రెంచి దీవుల మొలాసిస్‌ని ఆ చట్టం రావద్దనలేదు, గ్యాలన్‌కి 6 పెన్నీలు కట్టి తెచ్చుకోమంది. అంత కడితే ఆ అమెరికా వలసల్లో, న్యూ ఇంగ్లండ్‌లో, మొలాసిస్‌తో రమ్ము కాచేవాళ్లకి గిట్టదు, సుంకరి చేతిలో ఇంత పెట్టి పీపాలు దింపుకునేవారు. 1764లో సుంకాన్ని 3 పెన్నీలకి తగ్గించి, వసూలు మాత్రం గట్టిగా చేయబోయేసరికి గొడవ ముదిరింది. దీనికి సుంకం ఎగవేత అంటే చాలు. కస్టమ్స్ అధికారిని కూడా సుంకరి అనే రాయండి, "సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు" అనే సామెత ఉన్న భాషలో ఆ ఉద్యోగికి కొత్త పేరు ఎందుకు?

మీ వ్యాసంలోని గార్దా కోస్తా, అంటే స్పెయిన్ వలసల తీరం కాసే ఓడ, మాత్రం సుంకరి కాదు. గవర్నర్ ఇచ్చిన అనుమతి పత్రంతో తిరిగే సొంతదారుల ఓడలే వాటిలో ఎక్కువ, పట్టుకున్నదాంట్లో వాటాయే వాళ్ల సంపాదన. అందుకే సోదా అంత కరుకుగా ఉండేది. కాసిని స్పానిష్ నాణేలో, అద్దకపు రంగు తీసే చెక్క దుంగలు నాలుగో కనబడితే చాటుబేరానికి అదే సాక్ష్యం, ఓడ మొత్తం పట్టేసేవారు. 1731లో జమైకా నుంచి లండన్ వెళ్తున్న ఇంగ్లీషు కెప్టెన్ రాబర్ట్ జెంకిన్స్ ఓడ ఎక్కి అతని చెవి కోసింది అలాంటివాళ్లే. తీరకావలి ఓడ అంటే సరిపోతుంది.

ఇంకొక్క మాట. ముసాయిదాలో "బానిసల సరుకు" అని ఉంది, దయచేసి తీసేయండి. 1713 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ల సౌత్ సీ కంపెనీకి స్పెయిన్ వలసల్లో ఆఫ్రికా మనుషుల్ని అమ్ముకునే హక్కు దక్కింది, ఏడాదికి 4,800 చొప్పున 30 ఏళ్లు. ఆ 4,800 తలల లెక్క కూడా కాదు, "పియెసా"ల లెక్క. పియెసా అంటే ముక్క. ఆరోగ్యంగా ఉన్న వయసు మగవాడు ఒక పియెసా, పసివాళ్లూ ముసలివాళ్లూ అందులో కొంత భాగం. ఆ మాటని అలాగే ఉంచి, అది వాళ్లు వాడిన కొలత అని పక్కనే చెప్పండి. మీ వాక్యంలో మాత్రం మనుషులు అనే రాయండి.